గడ్డి కూరిన దూడ

ఆ వేసవిలో మా ఆయన మాట్లాడటం మానేశాడు. అరవడం మాత్రం మానలేదు.

రెండూ ఒక్క మనిషికి ఎలా కుదురుతాయని అడుగుతారేమో. గొంతుతో బతికేవాడికి కుదురుతాయి. మా ఆయన సినిమాలకు గొంతు అరువిచ్చేవాడు. వేరే భాషలో తీసిన సినిమాలు తెచ్చి, అందులో మనుషుల పెదాలకు మన మాటలు తొడుగుతారు కదా, ఆ పని. పేరుకు సినిమావాడే గానీ ఆయన వంతుకొచ్చేది ఎప్పుడూ రెండో పోలీసు, లిఫ్టు దగ్గర నిలబడేవాడు, కత్తిపోటు తిని "అయ్యో" అని పడిపోయేవాడు. పిల్లల బొమ్మల సినిమాలో ఒక నక్కకు చెప్పిన గొంతొక్కటే నలుగురి చెవిన పడింది. వీధిలో పిల్లలు "నక్క మామా, ఒక్కసారి నవ్వవా" అని వెంటపడితే కాదనకుండా నవ్వేవాడు. ఆ నవ్వు వింటే అప్పులవాడు కూడా వచ్చిన పని మర్చిపోతాడు.

నాది ముందుగదిలో కుట్టు మిషను. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, ఆడవాళ్లవీ మగవాళ్లవీ. ఒంటికి గుడ్డ కుట్టడానికీ పెదాలకు మాట కుట్టడానికీ పెద్ద తేడా లేదు. భోజనాల దగ్గర ఆయన మూతి రకరకాలుగా తిప్పి చూపించేవాడు. "ఇదిగో, ఇక్కడ నోరు ఇంత తెరుస్తోంది, ఇక్కడ టక్కున మూస్తోంది. దీనికి సరిపడా ఒక మాట చెప్పవే." నేను చెప్పేదాన్ని. ఆయన ఆ మాట నక్క గొంతుతో అనేవాడు. మా అత్తగారు కంచం ముందు పెట్టుకుని "డిగ్రీ చదువు చదివింది నక్కకు మాటలు నేర్పడానికా" అని దెప్పుతూనే నవ్వేది. ఆ ఇంట్లో నాకు నగలూ లేవు, నాణేలూ లేవు. ఉన్నది ఆ కాసేపే.

దాన్ని తీసుకుపోవడానికి ఎండలతోపాటు ఒక కుర్ర డైరెక్టరు వచ్చాడు.

మా ముందుగదిలో గుడ్డపీలికల మధ్య కూర్చుని, నల్లకళ్లద్దాలు తీయకుండానే సినిమా కథ చెప్పాడు. పరభాషలో విపరీతంగా ఆడిందట. దానికి మన గొంతులు పెట్టించే పని ఇతనిది. హీరో గొంతు మా ఆయనది కావాలట. మొదటిసారి హీరో! మా ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎవరైనా లెమ్మంటారేమో అన్నట్టు.

"ఒంటరి మనిషి కథ అన్నా. ఒక గది, ఒక బల్బు. వాడి కోపం. అంతే సినిమా" అన్నాడు డైరెక్టరు.

మా అత్తగారికి సగం కథ పనికిరాదు. "అమ్మా నాన్నా లేరా వాడికి?" అంది.

"లేరండీ."

"పెళ్లాం?"

"ఒకమ్మాయిని ఇష్టపడతాడు. ఆమె వద్దంటుంది."

"పనీపాటా?"

"ఉద్యోగం పోయింది."

"మరి పొద్దస్తమానం ఏం చేస్తాడు నాయనా?"

"కోపంగా ఉంటాడండీ."

"అదీ ఒక పనేనా! మా ఊళ్లో ఆ పని చేసేవాళ్లు కావలసినంత మంది. ఎవడూ సినిమా తీయలేదు."

డైరెక్టరు నవ్వలేదు. అలాంటి సినిమాలు తీసేవాళ్లు నవ్వరు. "అది వేరే లెవెల్ కోపం అమ్మా" అన్నాడు. మా ఆయన తల్లివైపు గుడ్లురిమి చూశాడు. ఆ చూపు నేనెరగను. నక్కకు గానీ రెండో పోలీసుకు గానీ అది అవసరపడలేదు మరి.

మర్నాటి నుంచి గొంతు దాచుకోవడం మొదలైంది. పెద్ద పాత్ర కదా, గొంతు వృథా చేయకూడదట. మెడకు మఫ్లర్. ఆ ఎండల్లో. నీళ్లు కావాలంటే గ్లాసు చూపించేవాడు, స్నానం కావాలంటే నెత్తి చూపించేవాడు. ఆయన నెత్తి చూపిస్తే అత్తగారు నూనెసీసా తెచ్చేది. లోపలిగది కిటికీకి దుప్పట్లు కట్టి, తలుపేసుకుని సాధన. ఆ తలుపు సందులోంచి మాటలు మాటల్లా వచ్చేవి కావు. "చూడకు నా వైపు!" "మీ అందరి సంగతి తేలుస్తా!" "నేనంటే ఎవరికీ లెక్క లేదు కదూ!" కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతల మధ్యలో ఉలిక్కిపడేవారు. "సినిమా అండీ, సినిమా" అని నేను సర్దిచెప్పేదాన్ని. సాధన మధ్యలో తలుపు తెరిచి నావైపు అరచెయ్యి ఎత్తేవాడు. మిషను ఆపమని. ఆపేదాన్ని. మళ్లీ తలుపు మూసుకునేది. సగం కుట్టిన చొక్కా చేతిలో పట్టుకుని, ఆ మనిషి లోకాన్ని తిట్టడం అయ్యేదాకా కూర్చునేదాన్ని.

"నా కొడుక్కి నోరు పోయి కోపం మిగిలిందే" అంది అత్తగారు.

అప్పటికింకా మిగిలింది నటన మాత్రమే. కోపం తర్వాత వచ్చింది.

రికార్డింగు మొదలైన కొన్నాళ్లకే మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఆ సాయంత్రం దాచుకున్న గొంతు తీసి నాతో మాట్లాడాడు. "చెప్పిందంతా తీసేశారే. నా గొంతులో నక్క వినపడుతోందట. కోపం నటిస్తున్నానట. నిజం కోపం ఎక్కడైనా తెచ్చుకో అన్నా, లేకపోతే వేరేవాణ్ణి చూసుకుంటాం అన్నాడు."

"పోనీండి. కోపం లేకపోవడం కూడా ఒక జబ్బేనా?" అన్నాను.

"నీకేం తెలుసు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఏదో వెతుక్కుంటున్నవాడిలా ఇల్లంతా చూశాడు. గోడలు చూశాడు, తల్లిని చూశాడు. చివరికి చూపు నా దగ్గర ఆగింది.

తెల్లారి చొక్కా తొడుక్కుంటూ మొదలుపెట్టాడు.

"ఈ కాలరు కుట్టిందెవరు? కళ్లు పెట్టి కుట్టావా, కాళ్లు పెట్టి కుట్టావా?"

నవ్వులాటేమో అనుకున్నాను. "కాళ్లతోనే. మిషను తొక్కేది కాళ్లతోనేగా."

"ఎదురు చెప్పకు! ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి సవ్యంగా ఉండదు. అందరికీ కుడతావు, మొగుడికి మాత్రం అతుకులు." ఇంకా ఏవేవో. నా పుట్టింటి దాకా వెళ్లాడు. నేనూ ఊరుకునే రకం కాదు, నాలుగు తగిలించాను. మొహం కందగడ్డ చేసుకుని, మఫ్లర్ బిగించి, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం వచ్చినవాడు వేరే మనిషి. మాట లేదు. తల్లి కాళ్లు ఒత్తాడు. నేను వడ్డిస్తుంటే చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టి, కళ్లతో నవ్వాడు. మర్నాడు పొద్దున మళ్లీ అదే తంతు. ఈసారి కాఫీలో వేడి తక్కువ. ఆ మర్నాడు నా నడక. పొద్దున పాము, సాయంత్రం వానపాము. ఏ పూట మనిషి నిజమో తెలియక నాకు పిచ్చెక్కేది. మగాళ్ల మనసులో ఏముందో పట్టుకునే పని నా వల్ల కాదని ఊరుకుందామంటే, ఆ పొద్దుటి మాటలు ఊరుకునే మాటలు కావు. ఒకరోజు ఏకంగా అన్నాడు: "ఊళ్లో మగాళ్ల నడుములన్నీ నీ టేపుకు తెలుసు కదూ!"

అత్తగారు చేటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగిపోయింది.

నాకు మాట తడుముకునే అలవాటు లేదు. "టేపుకు నడుమే తెలుస్తుందండీ, మనిషి తెలియడు. తెలిస్తే పెళ్లికి ముందే మిమ్మల్ని కొలుచుకునేదాన్ని" అన్నాను.

తిరిగి తిడతాడనుకున్నాను. తిట్టలేదు. క్షణం ఆగాడు. పెదాలు చిన్నగా కదిలాయి, నా మాటను నోట్లో తిప్పి చూసుకుంటున్నట్టు. బస్సుకు పరిగెత్తాడు.

ఆ కదలిక ఏమిటో నాకు అర్థం కావడానికి వేడినీళ్ల ఫ్లాస్కు కావలసి వచ్చింది.

ఒక పూట హడావిడిలో దాన్ని మర్చిపోయి వెళ్లాడు. వేడినీళ్లు లేకపోతే ఆయన గొంతు మధ్యాహ్నానికే పట్టేస్తుంది. తిట్టినవాడికి నీళ్లెందుకు మోయాలి అనిపించకపోలేదు. అయినా పట్టుకుని బయల్దేరాను, అలవాటు అలాంటిది. స్టూడియో ఒక మేడ కింద, నేలలోకి దిగే మెట్లు. గోడలకు పరుపుల్లాంటి మెత్తలు. తలుపు మీద ఎర్రదీపం. ఆరేదాకా ఆగి లోపలికి వెళితే, మిషన్ల ముందున్న ఇంజనీరు వేలు నోటిమీద పెట్టుకుని బల్ల చూపించాడు. అద్దం అవతల మైకు ముందు మా ఆయన, పక్క మైకు ముందు ఒక ఆడపిల్ల. వాళ్లకెదురుగా తెర మీద ఆ ఒంటరి మగాడు. గుంటలు పడిన కళ్లు, నలగని చొక్కా. బట్టల కొట్టు. కౌంటరు వెనక మెడలో టేపు వేసుకున్న అమ్మాయి.

"ఊళ్లో మగాళ్ల నడుములన్నీ నీ టేపుకు తెలుసు కదూ!" అన్నాడు తెరమీది మగాడు, మా ఆయన గొంతుతో.

ఆ అమ్మాయి పెదాలు కదిలాయి. "టేపుకు నడుమే తెలుస్తుంది, మనిషి తెలియడు. తెలిస్తే ముందే నిన్ను కొలుచుకునేదాన్ని."

కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఎక్కడా ముడత లేదు.

ఆ ముక్కనే తిప్పి తిప్పి మళ్లీ వేశారు. తడవ తడవకూ నన్ను తిట్టడం, నేను బదులు చెప్పడం. ఆ చీకటి గదిలో ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని చూశాను. దీపం ఆరాక అందరూ బయటికొచ్చారు. ఆ ఆడగొంతు పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. "మీరేనా అక్కా! మీ మాటలు చెప్పడం ఎంత హాయిగా ఉంటుందో. రోజూ అన్న మెట్లు దిగగానే 'ఇవాళ ఇంట్లోంచి ఏం తెచ్చారు' అని అడుగుతాం."

"ఆ సీన్లో ఆ అమ్మాయికి ఏం మాట పెట్టాలో తెలియక తలలు బద్దలుకొట్టుకున్నాం వదినా" అన్నాడు కుర్ర డైరెక్టరు, వరస కలిపేసుకుని. "అన్న ఇంటికెళ్లి మీమీద వేసి చూశాడు. బ్రహ్మాండమైన జవాబు! పైగా ఆ కోపం అలాగే మోసుకొస్తాడు, వేడివేడిగా."

మా ఆయన వైపు చూశాను. సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లి, గొంతు అరిగిపోకుండా గుసగుసగా, ఎంతో ప్రేమగా చెప్పాడు: "చూశావుగా. అదంతా పనికోసమేనే. మనసులో ఏమీ లేదు. నువ్వు నిజమనుకుని బాధపడుతున్నావేమో, పిచ్చిదానా."

నిజమైతేనే బాగుండేది. మొగుడికి నిజంగా కోపమొస్తే పెళ్లాం పోట్లాడుతుంది, ఏడుస్తుంది, పుట్టింటికి పోతుంది, ఏదో ఒకటి ఉంటుంది చేయడానికి. ఫ్లాస్కు ఆయన చేతిలో పెట్టి మెట్లెక్కాను.

బస్సులో మా అమ్మ బర్రె గుర్తొచ్చింది. దూడ చచ్చిపోతే బర్రె పాలు చేపదు. అప్పుడు ఆ చచ్చిన దూడ తోలులోనే గడ్డి కూరి, కుట్టి, నాలుగు కర్రముక్కలు కాళ్లుగా పెట్టి ముందు నిలబెట్టేవాళ్లు. బర్రె దాన్ని నాకుతూ చేపేది. పిండేవాడు పిండుకునేవాడు. ఆ దూడను కుట్టడం చిన్నప్పుడు నేనూ చూశాను. కుట్టు బాగా పడాలి, లేకపోతే గడ్డి కనిపిస్తుంది.

ఇంటికొచ్చి అత్తగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడా బర్రెల్ని మేపిన మనిషే. "దాన్ని పిండడం అయ్యాక చూరులో దోపేవాళ్లం. మళ్లీ పూట దాకా ఎవడూ దాని మొహం చూడడు" అంది.

ఇక మర్నాటినుంచి నేను బదులివ్వలేదు.

ఆయన మొదలుపెట్టేవాడు. నేను సూదిలో దారం ఎక్కించుకునేదాన్ని. కాలరన్నాడు, కాఫీ అన్నాడు, మా నాన్ననన్నాడు. "ఊఁ" అనేదాన్ని. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు ఆయన తిట్లు పోతూనే ఉండేవి, ఎక్కడా నిలబడేవి కావు. అప్పుడప్పుడు మధ్యలో ఆగి, "ఏదో ఒకటి అనవే" అని బతిమాలేవాడు, తిట్టే గొంతులోంచి సగం బయటికొచ్చి. ఒకసారి రెండు చేతులూ జోడించాడు కూడా. సాయంత్రాలు వాడిపోయి వచ్చేవాడు. గొంతులో మళ్లీ నక్క దూరిందని డైరెక్టరు నసుగుతున్నాడట. ఆఖరి సీను ఒక్కటి మిగిలిందట. అదే ప్రాణమట సినిమాకు. అది కుదరకపోతే మొత్తం వేరేవాడి గొంతుతో చెప్పిస్తారట.

ఆ ఆఖరి సీను రోజు పొద్దున నేనొక తెల్ల పరదా కుడుతున్నాను. ఆయన తయారై వచ్చి నా ముందు నిలబడ్డాడు. తిట్టాడు. ఏమన్నాడో రాయను. అత్తగారు "ఒరే, నోరు కడుక్కోరా" అంది. ఆయన అరచెయ్యి ఎత్తాడు, మిషను ఆపమని. నేను తొక్కుతూనే ఉన్నాను.

మళ్లీ ఎత్తాడు. నేను గుడ్డను ముందుకు తోశాను.

మిషను చక్రాన్ని అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. గుడ్డతోపాటు నా వేలు లోపలికి పోయింది. సూది గోరులోంచి దిగి ఆగింది.

నా నోట్లోంచి ఏదో వచ్చింది. అది మాట కాదు.

ఆయన చూపు నా వేలి మీద లేదు. తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. మొహం వెలిగింది. ఒక చెయ్యి గొంతుకు అడ్డం పెట్టుకుని, నిండుబిందె తొణకకుండా మోసుకుపోయేవాడిలా గబగబా, జాగ్రత్తగా మెట్లు దిగి బస్సుకు పోయాడు.

చక్రం వెనక్కి తిప్పి సూది తీసింది మా అత్తగారు. పరదా మీద పడ్డ మరకను చూసి, "ఇది ఉతికితే పోదు" అంది, అంతే.

సినిమా ఎండాకాలం చివర్లో వచ్చింది. నేను రానన్నాను. అత్తగారు వినలేదు. "నా కొడుకు ఏం మోసుకుపోయాడో నేను చూడాలి" అంది.

హాలు నిండా మగాళ్లు. తెరమీద ఆ మనిషి గదిలో ఒక్కడే కూర్చుంటే ఈలలు. అద్దంలో తన మొహం తాను చూసుకుంటే చప్పట్లు. వెనక వరసలో ఇద్దరు వాడి మాటల్ని వాడికంటే ముందే అంటున్నారు. అప్పటికే నోటికొచ్చేశాయి. ఒంటరివాడట! హాలంతా వాడి చుట్టాలే.

ఒక సీన్లో వాడి చొక్కా జేబు చిరిగింది. తర్వాత సీన్లో అదే చొక్కా, జేబు కుట్టి ఉంది, ఇస్త్రీ చేసి ఉంది. అత్తగారు హాలంతా వినబడేలా అడిగింది: "ఒంటిగాడికి ఆ జేబు ఎవరు కుట్టారే?"

"ఓ అవ్వా, నోరు మూసుకో" అన్నారు వెనకనుంచి.

"నీ చొక్కా ఎవరు కుట్టారో చెప్పు, మూసుకుంటా" అంది.

ఆఖరి సీను. బట్టల కొట్టు మూస్తున్నారు. వాడొచ్చాడు. నేను పైన రాయననుకున్న మాటలన్నీ ఆ అమ్మాయిని అన్నాడు. ఆమె బదులివ్వలేదు, తలవంచుకుని బట్టలు మడతపెట్టుకుంటోంది. వాడు కౌంటరు తలుపు ఆమె చేతిమీద ఒక్క చరుపు చరిచాడు.

తెరలోంచి నా కేక వచ్చింది.

గొంతు ఆ పిల్లదే. కేక నాది. మొదట్లో తెగి, మధ్యలో లోపలికి పోయి, చివర ఊపిరి మాత్రం మిగిలే ఆ కేక ఆ ఉదయం మా ముందుగదిలో పుట్టింది. ఎలా అరవాలో ఆయన ఆ పిల్లకు ఒకటికి పదిసార్లు అరిచి చూపించి ఉంటాడు. ఒక్క చుక్క ఒలకకుండా తీసుకెళ్లాడు. హాల్లో ఈలలు పడ్డాయి. పక్కసీటువాడు లేచి నిలబడ్డాడు.

అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. వేలికి కట్టింకా ఉంది. "లే, పోదాం" అంది. హాల్లోంచి అనే అనుకున్నాను. ఇంటికెళ్లాక ఆవిడ తన చీరలు మూట కడుతుంటే అర్థమైంది.

తొలకరి నాటికి బస్‌స్టాండు వెనక చిన్న కొట్టుగది చూసుకున్నాం. ముందు మిషను, వెనక పొయ్యి, మా ఇద్దరి మంచాలు. "కన్నకొడుకును వదిలి కోడలితో పోయింది" అని జనం నోళ్లు నొక్కుకున్నారు. ఎవరైనా మొహాన అడిగితే "కొడుకు ఒంటరివాడు కదమ్మా, ఒంటరిగా ఉండనివ్వాలి" అనేది అత్తగారు.

ఆయనకు బాగా పేరొచ్చింది. ఊళ్లో గోడల మీద అలాంటి సినిమాల బొమ్మలే. ఒక గది, ఒక మగాడు, ఎర్రకళ్లు. అన్నిటికీ ఈయనే గొంతట.

వాన పట్టిన ఒక పొద్దున గుమ్మంలో నిలబడ్డాడు. మఫ్లర్ ఉంది. చొక్కా నలిగి ఉంది. అరుగుమీద ఇద్దరు పిల్లలు బడి బట్టలకోసం కాచుకుని ఉన్నారు.

"ఏం, దర్జీ దొరసానీ! మొగుణ్ణి వదిలేసి కొట్టు పెట్టుకుంటే ఊరంతా మెచ్చుకుంటోందా?" అన్నాడు.

తలెత్తి చూశాను. కళ్లు నామీద ఉన్నాయి గానీ చెవులు తన గొంతు మీదే ఉన్నాయి. ఇవాళ ఏ సీనో.

"ఏం కావాలి నాయనా, కొలతలిస్తావా?" అంది అత్తగారు లోపలినుంచి.

ఇంకో మాటన్నాడు, ఇంకా పెద్దది. నేను చొక్కా భుజం కలుపుతున్నాను. ఇంకోటి. మిషను తిరుగుతోంది. అరచెయ్యి ఎత్తాడు. అలా ఎత్తే ఉంచి, కాసేపటికి దించుకున్నాడు.

"ఒక్కటనవే. ఏదైనా. బస్సు పోతుంది" అన్నాడు నెమ్మదిగా.

నేను మాట్లాడకపోయేసరికి పిల్లలవైపు తిరిగాడు. మఫ్లర్ వదులు చేసుకుని, "నక్క మామ నవ్వితే వింటారర్రా?" అన్నాడు. వాళ్లు తలూపారు. నవ్వాడు.

నక్క రాలేదు. ఆ సినిమా గదిలోని మగాడు నవ్వాడు. చిన్నది అరుగు దిగి వానలోకి జరిగింది, పెద్దది దాని చెయ్యి పట్టుకుంది.

ఆయనకూ వినబడింది. గొంతు మీద చెయ్యి వేసుకుని తడిమి చూసుకున్నాడు, జేబులో ఉండాల్సింది లేనట్టు. నావైపు చూశాడు. ఆ చూపులో సినిమా లేదు. అది నాకు తెలిసింది.

"లోపలికి రండమ్మా, తడిసిపోతారు" అన్నాను పిల్లలతో.

పెడల్ మీంచి కాలు తీయలేదు.